పడిపోయే షాట్

మొదట్లో రోహిణికి ఆ పోసమ్ మీద ప్రేమేమీ లేదు. రాయదుర్గం మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే వచ్చే గాజు భవనంలో, ఆరో అంతస్తులోని యానిమేషన్ స్టూడియోలో ఆమె తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. ఆ తొమ్మిదేళ్ళలో ఆమె చేతుల మీదుగా మాట్లాడే టమాటాలు పోయాయి, ఎగిరే బస్సులు పోయాయి, అలిగి కూర్చునే ఏనుగులు పోయాయి. ఇదీ అలాంటిదే అనుకుంది.

పోసమ్ అమెరికాలో ఇళ్ళ పెరళ్ళలో తిరిగే జంతువట. పిల్లి అంత ఒళ్ళు, ఎలుక ముఖం, వెంట్రుకల్లేని తోక. ఎవరైనా తరిమితే చచ్చినట్టు పడిపోతుంది. విదేశీ కంపెనీ ఒకటి దాని మీద ఏడు నిమిషాల హాస్య చిత్రం చేయిస్తోంది. కథ చిన్నదే. ఒక ముసలమ్మ వంటింట్లోకి పోసమ్ దొంగతనంగా దూరి తింటుంది. ముసలమ్మ కంటబడగానే చచ్చినట్టు పడిపోతుంది. ఆమె నిజమేననుకుని ఏడ్చి, పెరట్లో గుంట తవ్వి, దాని దినానికని పిండివంటలు చేస్తుంది. ఆ పిండివంటలూ పోసమే తినేసి పోతుంది.

పడిపోయే షాట్ రోహిణికి ఇచ్చారు. పద్నాలుగు సెకన్లు. సినిమా మొత్తం దాని మీదే నిలబడాలి. మూడు రకాలుగా చేసి పంపింది, మూడుసార్లూ తిరిగొచ్చింది.

"చూడు రోహిణీ, నీ పోసమ్ పడిపోవట్లేదమ్మా, పడిపోయినట్టు నటిస్తోంది" అంది జయంతి. ఆవిడ వాళ్ళ జట్టుకు పెద్ద, కాకినాడ నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే స్థిరపడిన మనిషి. "డైరెక్టర్ గారి గొడవల్లా అదే. చూసేవాడికి మొదట నిజంగానే పోయిందేమోనని గుండె గుభేలుమనాలి. ఆ తర్వాత కదా కన్ను గీటేది! అప్పుడు కదా నవ్వు!"

రోహిణి ఆ జంతువు గురించి దొరికినదల్లా చదివింది. ఒకచోట, పోసమ్ నిజానికి నటించదని రాసి ఉంది. భయం హద్దు దాటితే ఒళ్ళు దానంతటదే పడిపోతుందట, లేవడం కూడా దాని చేతుల్లో ఉండదట. మన కథకు ఇది పనికిరాదనుకుని ఆ పేజీ మూసేసింది.

ఆ సాయంత్రం అమీర్‌పేటలో రైలు మారి, బాలానగర్‌లో దిగి, చింతల్‌కు పోయే షేర్ ఆటోలో ఇద్దరు మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చున్నప్పుడు ఆమెకు వాళ్ళ నాయిన గుర్తొచ్చాడు.

ఐలయ్య జీడిమెట్లలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. రోహిణి చిన్నప్పుడు ఆయన డ్యూటీ నుంచి వచ్చి, సైకిల్ గోడకు ఆనించి, ఇంట్లో అడుగు పెట్టి, ఒక్కోరోజు ఉన్నట్టుండి పడిపోయేవాడు. ముందు ఎడమ మోకాలు మడతపడేది. గోడ పట్టుకుని మెల్లగా జారేవాడు. చూపు ఎక్కడో దూరంగా ఆగిపోయేది. ఏదో నములుతున్నట్టు పెదవులు కదిలేవి. ఎడమచేతి వేళ్ళు మూడు నేల మీద తబలా వాయించినట్టు ఆడేవి. అమ్మ నీలమ్మ ఉల్లిగడ్డ చితక్కొట్టి తెచ్చి ఆయన ముక్కు దగ్గర ఆడించేది. రోహిణీ, తమ్ముడు రాకేశూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. కాసేపటికి ఒక కన్ను తెరుచుకునేది. అది అటూ ఇటూ తిరిగి, పిల్లల్ని పట్టుకుని, గీటేది.

"ఎట్లున్నది బిడ్డా నా యాక్టింగ్? టికెట్ లేకుండ సినిమ సూపెట్టిన!" అనేవాడు. పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. మళ్ళీ చెయ్యమని మారాం చేసేవాళ్ళు. మళ్ళీ ఎప్పుడూ వెంటనే చేసేవాడు కాదు.

మర్నాడు రోహిణి మీటింగ్ గదిలో యోగా చాప పరిచి, ఎదురుగా ఫోన్ నిలబెట్టి, వాళ్ళ నాయినలాగా పడింది. యానిమేషన్ చేసేవాళ్ళు ఇలా ముందు తామే చేసి, వీడియో తీసుకుని, దాన్ని చూస్తూ బొమ్మను కదిలిస్తారు. మోకాలు, గోడ, చూపు, పెదవులు, మూడు వేళ్ళు. ఇరవై ఏళ్ళుగా తలుచుకోకపోయినా ఒళ్ళు ఏదీ మరిచిపోలేదు. తలుపు దగ్గర నిలబడ్డ జయంతి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మ బాబోయ్! లేమ్మా ఇంక, చూడలేకపోతున్నాను!"

రోహిణి ఒక కన్ను తెరిచి గీటింది. జయంతి పగలబడి నవ్వింది.

ఈసారి షాట్ పంపగానే ఒప్పుకున్నారు. ముసలమ్మ చేతిలో ఉల్లిగడ్డ పెట్టింది కూడా రోహిణే. ఫోన్‌లో డైరెక్టర్ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ వారం స్టూడియోలో ఎక్కడ చూసినా ఎవడో ఒకడు మూడు వేళ్ళు బల్ల మీద ఆడిస్తూ ఆమెను పలకరించేవాడు.

సినిమా పూర్తికావస్తుండగా ఒక శనివారం మధ్యాహ్నం ఆఫీసువాళ్ళు కుటుంబాలను పిలిచారు. ఐలయ్య, నీలమ్మ కూతురు పనిచేసే చోటును చూడటం అదే మొదలు. ఐలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కింద గేటు దగ్గర మెడలో వేసిన విజిటర్ కార్డును లిఫ్టులోని అద్దంలో చూసుకుని సర్దుకున్నాడు. నీలమ్మ కొంగు నిండుగా కప్పుకుని, గాజు గోడల దగ్గరికి పోకుండా మధ్యలోంచే నడిచింది. జయంతి ఎదురొచ్చి దండం పెట్టింది.

"మీ అమ్మాయి లేకపోతే ఈ సినిమా లేదండి. ఇవాళ మీరే చూస్తారుగా."

నలభై కుర్చీల చిన్న హాలు. ముందు వరసల్లో పిల్లలు. రోహిణి అమ్మానాన్నల వెనక వరసలో కూర్చుంది. వాళ్ళు నవ్వితే చూడాలని. పోసమ్ కిటికీలోంచి దూరింది, గిన్నె బోర్లించింది, తోకతో చెంచా లాక్కుంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ముసలమ్మ దీపం వేసింది. పోసమ్ ఎడమ మోకాలు మడతపడింది.

నీలమ్మ చెయ్యి చటుక్కున పోయి మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

తెర మీద పోసమ్ గోడ వెంట జారింది. పెదవులు నమిలింది. మూడు వేళ్ళు ఆడాయి. ముసలమ్మ ఉల్లిగడ్డ తెచ్చి ముక్కు దగ్గర పెట్టింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఒక కన్ను తెరుచుకుని గీటింది. నలభై మందీ ఒక్కసారిగా నవ్వారు. ఐలయ్య కూడా నవ్వాడు. కానీ అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా, అందరూ నవ్వుతున్నారో లేదో చూసుకుని నవ్వాడు. నీలమ్మ లేచి, మనుషుల మోకాళ్ళకు తగులుతూ, బయటికి వెళ్ళిపోయింది.

రోహిణి వెనకే పరుగెత్తింది. నడవాలో నీళ్ళ డబ్బా పక్కన నీలమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఏమైందమ్మా? కళ్ళు తిరుగుతున్నయా?"

"అది ఏడికెల్లి తీస్కొచ్చినవ్?"

"ఏది? పడేదా? నాయిన చేసేటోడు గదనే, మా చిన్నప్పుడు. యాక్టింగ్..."

"యాక్టింగ్!" నీలమ్మ గొంతు పెద్దది చేయలేదు. "ఇన్నొద్దులు నువ్వు గట్లనే అనుకున్నవానే? ఇంత సదువు సదివి గూడ?"

రోహిణికి అర్థం కాలేదు. అర్థం అయిందని ఒళ్ళు చెబుతోంది, మనసు ఒప్పుకోవడం లేదు.

"ఆ కంపెనీల డ్రమ్ములకెల్లి వాసనొస్తుండె. దాంతోని మనుషులు పడిపోతుండిరి. ఆడ పడ్డోన్ని రేపటికెల్లి రావద్దంటుండిరి. అందుకే మీ నాయిన ఆడ పండ్లు బిగవట్టుకుని నిలవడి ఇంటికొచ్చి పడుతుండె. మొదటిపారి పడ్డప్పుడు నువ్వు ఆరేండ్ల పోరివి. సచ్చిపోయిండని గట్టిగ ఒర్లినవ్. ఆయనకు తెలివొచ్చి కండ్లు తెరిస్తె నీ మొకం కనవడ్డది. ఏం జెయ్యాల్నో తెల్వక కన్ను కొట్టిండు. నువ్వు ఏడుపు ఆపి నవ్వినవ్. ఇగ అప్పటికెల్లి గట్లనే. నేను ఉల్లిగడ్డ పట్టుకొస్తె అది గూడ ఆటనే అనుకున్నరు మీరు."

హాల్లోంచి మళ్ళీ నవ్వులు వినపడ్డాయి. పోసమ్ దినం వంటలు తింటోంది.

ఇంటికి క్యాబ్‌లో వెళ్ళారు. ఐలయ్య ముందు సీట్లో కూర్చుని డ్రైవర్‌తో మాట్లాడుతూనే ఉన్నాడు. "మా బిడ్డ జేసింది సినిమ. అమెరికోళ్ళది. ఏం నవ్విన్రనుకున్నవ్ జనం!" రోహిణి వెనక నుంచి ఆయన మెడను చూస్తూ కూర్చుంది. ఆదివారం ఆ ఇంట్లో ఆయన తప్ప ఎవరూ సరిగా మాట్లాడలేదు.

సోమవారం పొద్దున్నే రోహిణి, జయంతి బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ షాట్ తీసేద్దామంది.

"గురువారం సినిమా పంపాలి రోహిణీ! సౌండ్ కూడా అయిపోయింది. ఏమని చెప్పమంటావు వాళ్ళకి?"

రోహిణి చెప్పింది. ఎక్కడా ఆగకుండా, కిటికీ బయట క్రేన్ వంక చూస్తూ చెప్పింది. జయంతి తన కాఫీ కప్పును ఆమె ముందుకు జరిపింది.

"నాన్నగారేమంటున్నారు?"

"ఆయన్ని అడగలేదు జయంతిగారూ. ఏ ముఖం పెట్టుకుని అడగను?"

"బుధవారం దాకా వేరేగా చేసి చూడు. రెండూ పంపుతాను, దేన్ని ఉంచుతారో నా చేతుల్లో లేదమ్మా. కానీ ముందు ఆయన్ని అడుగు. అది ఆయనది కదా."

వేరేగా చేయడం ఆమె వల్ల కాలేదు. పోసమ్‌ను వెనక్కి విరుచుకుని పడేట్టు చేసింది, గింగిరాలు తిప్పింది, కాళ్ళు పైకి లేపింది. ఎలా మొదలుపెట్టినా నాలుగో సెకనుకల్లా ఎడమ మోకాలు మడతపడేది. మంగళవారం మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికి వచ్చేసింది.

ఐలయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాడు. ఆమె పక్కనే గడప మీద కూర్చుంది.

"నాయినా, నేను గా పడే ముక్క తీసేస్తున్న."

"ఎందుకు? మంచిగలేదన్నరా?"

"అమ్మ చెప్పింది నాకు అంత."

ఐలయ్య చేతులు ఆగలేదు. రెండు కాయలు ఒలిచాక అన్నాడు. "మీ అమ్మకు ఏం పనిలేదు."

"నిన్ను నవ్వులపాలు జేసిన నాయినా. నాకు తెల్వక..."

"ఎవర్ని నవ్వులపాలు జేసినవ్?" ఆయన గొంతు లేవడం ఆమె పెద్దయ్యాక ఎప్పుడూ వినలేదు. "ఇరవై రెండేండ్లు జేసిన ఆడ. ఏ మందు జేసిన్నో దాని పేరు నాకు తెల్వదు. ఎవలు మింగిన్రో, ఎవలికి నయమైందో తెల్వదు. నేను జేసినదాంట్ల నాకు ఎరుకున్నది గదొక్కటే. నేను పడ్డ, మీరు బుగులు వడలే, నవ్విన్రు. మొన్న నలభై మంది నవ్విన్రు. దాన్ని తీసెయ్యనీకి నువ్వెవరు?"

చిక్కుడుకాయల జల్లెడ ఆయన ఒళ్ళోంచి జారి కింద పడింది. ఇద్దరూ వంగి ఏరడం మొదలుపెట్టారు. అప్పుడు లోపల్నుంచి నీలమ్మ అంది:

"అడుగుతున్నవ్ గద, సక్కగ అడుగు. పోయిన నెల బాత్రూంల ఏమైందో అడుగు. మోచెయ్యి ఎందుకు కమిలిందో అడుగు."

రోహిణి తల ఎత్తింది. కంపెనీ మానేసి పదేళ్ళయింది. అదంతా అక్కడితో పోయిందనే ఆమె అనుకుంది. నిజానికి ఏమీ అనుకోలేదు, మొన్న శనివారం దాకా ఆ సంగతే తెలియదు కదా.

"ఇంకా అయితున్నదా నాయినా?"

ఆయన చిక్కుడుకాయలు ఏరి జల్లెడలో వేస్తూనే ఉన్నాడు.

"నెలకు ఎన్నిసార్లు?"

"లెక్కవెట్టిన్నా ఏంది?"

"దవాఖానకు పోదాం పా. రేపే."

"ఏం వద్దు. పోతది అదే."

నీలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వీధిలో నీళ్ళ ట్యాంకర్ వెనక్కి వస్తూ కూత పెడుతోంది. చివరికి ఐలయ్యే అన్నాడు:

"నువ్వు గా బొమ్మ జోలికి పోకు. ఎట్లున్నదో గట్లనే ఉండనియ్యి. నేను దవాఖానకు వస్త."

రోహిణి ఒప్పుకుంది. అది మంచి పనో చెడ్డ పనో ఆమెకు అప్పుడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. బుధవారం జయంతికి ఒక్క మాట చెప్పింది, ఉన్నదే పంపెయ్యమని. గురువారం సినిమా వెళ్ళిపోయింది.

నరాల డాక్టర్ దగ్గర తరువాతి సోమవారానికి సమయం దొరికింది. ప్రియదర్శిని అనే ఆ డాక్టర్‌కు నలభై ఏళ్ళుంటాయి. ఐలయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళు తట్టి, కళ్ళలో లైటు వేసి చూసి, ఎలా మొదలవుతుందో చెప్పమంది.

"ఏం లేదు డాక్టరమ్మా, జర కండ్లు తిరుగుతయ్, గంతే" అన్నాడాయన నవ్వుతూ.

"పడిపోయినప్పుడు మీకు ఏమవుతోందో మీకు తెలియదు పెద్దాయనా. చూసినవాళ్ళు చెప్పాలి. ఎప్పుడైనా ఫోన్‌లో వీడియో తీశారా?"

నీలమ్మ తల అడ్డంగా ఊపింది. రోహిణి చేతిలో ఫోన్ ఉంది. దాన్ని ఒళ్ళో బోర్లించి, మళ్ళీ తిప్పింది.

"ఒకటుంది మేడమ్. కానీ అందులో ఉంది నేను. మా నాయినను చూసి నేను చేసింది."

డాక్టర్‌కు మొదట అర్థం కాలేదు. రోహిణి తన ఉద్యోగం ఏమిటో చెప్పి, యోగా చాప మీద తాను పడిన వీడియో చూపించింది. డాక్టర్ మొదట వింతగా చూసింది. తర్వాత ముందుకు వంగింది. రెండోసారి వేసి, మధ్యలో ఆపింది.

"ఈ పెదవులు నమలడం మీరు కల్పించిందా?"

"లేదు. ఆయన చేస్తరు. పడిన మూడు నాలుగు సెకన్లకు."

"చెయ్యి ఎప్పుడూ ఎడమదేనా?"

"ఎప్పుడూ ఎడమదే. మూడు వేళ్ళే. చిటికెన వేలు ముందు మొదలైతది. బొటనవేలు కదలదు."

"చూపు?"

"ఎడమకు పోయి ఆగుతది. ఒక్కోసారి తల కూడ కొద్దిగ తిరుగుతది."

డాక్టర్ రాసుకుంటూ పోయింది. అడిగిన ప్రతిదానికీ రోహిణి దగ్గర జవాబుంది. ఆరేళ్ళ పిల్ల నవ్వుతూ చూసినదంతా ఎక్కడా చెదరకుండా అలాగే ఉంది. చెబుతూ చెబుతూ ఆమె ఒకసారి పక్కకు చూసింది. ఐలయ్య ఫోన్ వంకే చూస్తున్నాడు. ఆగిపోయిన బొమ్మలో కూతురు నేల మీద పడి ఉంది, నోరు వంకరపోయి ఉంది. తాను ఎలా పడతాడో ఆయన ఎప్పుడూ చూసుకోలేదు. పోసమ్‌ను చూశాడు, అది బొమ్మ. ఇది కూతురు.

"గిట్లయితదా నాకు?" అన్నాడు నీలమ్మతో. నీలమ్మ ఊఁ అంది.

అప్పుడు ఆయన డాక్టర్ వైపు తిరిగి, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ముందు వెల్డింగ్ చేసే చోటు వాసన వస్తుందట. తర్వాత నాలుక మీద రాగి చెంబు రుచి. అప్పుడు అందరి మాటలూ డబ్బాలో పడినట్టు దూరమవుతాయట. ఆ వాసన వచ్చినప్పుడల్లా గోడ వెతుక్కోవడం నేర్చుకున్నాడట. నీలమ్మకు కూడా ఇవేవీ తెలియవు.

ఇవి ఫిట్స్‌లో ఒక రకమని డాక్టర్ చెప్పింది. కంపెనీ గాలి వల్లే వచ్చాయా అంటే, అయ్యుండొచ్చు, ఇన్నేళ్ళ తర్వాత తేల్చి చెప్పడం కష్టమంది. తల స్కానింగ్ రాసింది, రెండు పూటలా వేసుకోవడానికి మాత్రలు రాసింది. తగ్గుతాయి, పూర్తిగా పోతాయని మాత్రం మాట ఇవ్వలేనంది. మళ్ళీ వస్తే ఎంతసేపు ఉందో గడియారం చూసి రాయమంది.

ఆ మాత్రలతో ఐలయ్యకు మత్తుగా ఉండేది. పేపరు చదువుతూ కునికేవాడు, మాటలు వెతుక్కునేవాడు. సినిమా బయటికి వచ్చింది. విదేశాల్లో పిల్లలు ఆ షాట్‌ను ఇళ్ళలో ఆడుతున్న వీడియోలు జయంతి పంపేది. కొన్నాళ్ళకు పంపడం మానేసింది. రెండో భాగం పని వచ్చింది. పోసమ్‌ను రోహిణికే ఇవ్వబోతే ఆమె వద్దని, ముసలమ్మను అడిగి తీసుకుంది. జయంతి కారణం అడగలేదు.

మాత్రలు మొదలయ్యాక ఏడు వారాలు ఏమీ కాలేదు. ఎనిమిదో వారం ఆదివారం పొద్దున, నీలమ్మ కూరగాయలకు పోయినప్పుడు, ఐలయ్య ముందుగదిలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి, "బిడ్డా" అన్నాడు. రోహిణి వచ్చేసరికి గోడ పట్టుకుని జారుతున్నాడు. ఆమె గ్లాసు అందుకుంది, తల కింద చెయ్యి పెట్టింది, డాక్టర్ చెప్పినట్టు ఒక పక్కకు తిప్పింది. గోడ గడియారం వంక చూసింది. వేళ్ళు నేల మీద ఆడాయి. ఆమె వాటిని పట్టుకోలేదు, ఆపొద్దని చెప్పారు. గ్లాసులోంచి అప్పటికే ఒలికిన నీళ్ళు ఆమె మోకాళ్ళ కింద చల్లగా పాకాయి.

కళ్ళు తెరిచాక ఆయన చాలాసేపు పైకప్పునే చూశాడు. ఆ చూపు రోహిణి మీదికి వచ్చి ఆగింది. కాసేపటిదాకా ఆమెను పోల్చుకోలేదు. పోల్చుకున్నాక నవ్వబోయాడు, పెదవులు సహకరించలేదు.

"ఎంతసేపైంది?"

"రెండు నిమిషాల పది సెకన్లు."

"గంతసేపా?" నాలుక ఇంకా మొద్దుగానే ఉంది. "నాకు బుగులైతది బిడ్డా. ఎప్పటికీ అయితది. వాసన రాంగనే."

"నాకు గూడ అయింది నాయినా."

ఆయన లుంగీ తడిసింది. నీళ్ళ వల్ల మాత్రమే కాదు. ఇంతకుముందైతే ఆమెను బయటికి పొమ్మనేవాడు. ఇప్పుడు గోడకు ఆనుకుని లేచి కూర్చుని, దండెం మీది పొడి లుంగీ అందియ్యమని చెయ్యి చాపాడు. ఆమె అందించి, అటు తిరిగి, డాక్టర్ ఇచ్చిన కాగితం మీద తారీఖు, సమయం రాసింది.